బిల్లు తగ్గింది, కానీ ఆ పెట్టె వల్ల కాదు

ప్రశ్న: కరీంనగర్ జిల్లా నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆవిడ మామగారు సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చూశారు. ప్లగ్‌లో పెడితే చాలు, కరెంటు బిల్లు 40 శాతం తగ్గించే 'పవర్ సేవర్' పెట్టె అది. పేరున్న ఒక టీవీ యాంకర్ దాన్ని మెచ్చుకుంటున్నట్టు వీడియో కూడా ఉంది. క్యాష్ ఆన్ డెలివరీలో 1,499 రూపాయలకు రెండు పెట్టెలు తెప్పించారు. అవి మే చివర్లో వచ్చాయి. మే బిల్లులో 318 యూనిట్లు, జూన్ బిల్లులో 290, జూలై బిల్లులో 198 వచ్చాయి. 'పెట్టె మీ ఇంటి లోడుకు అలవాటు పడటానికి టైం పడుతుంది' అని కరపత్రంలో రాసి ఉండటంతో జూన్ బిల్లును ఆయన లెక్కలోకి తీసుకోలేదు. జూలై బిల్లు మాత్రం జేబులో పెట్టుకుని అందరికీ చూపిస్తున్నారు. ఆయన మాట మీద వీధిలో మరో ముగ్గురు కొన్నారు.

ఇప్పుడు ఆ కంపెనీ వాళ్లమంటూ ఫోన్ వచ్చింది. మండలానికి ఒక్కరే డిస్ట్రిబ్యూటర్ అట. 60 పెట్టెలకు 45,000 కట్టాలి. పది రోజుల కింద 5,000 బుకింగ్ కింద ఫోన్‌పేలో పంపారు. డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి పేరు మీదికి. మిగతా 40,000 నెలాఖరులోగా కట్టడానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలనుకుంటున్నారు. 'ఇది మోసం మామయ్యా' అని భోజనాల దగ్గర ఈవిడ ఒకసారి అంటే, 'నేను బిల్లు చూపిస్తున్నా. నువ్వేం చూపిస్తావ్?' అన్నారట. నాలుగు రోజులు మాట్లాడలేదు. భర్తేమో 'నాన్నకు ఎదురు చెప్పలేను, పోతే 40 వేలు' అంటున్నారు. పెట్టె నిజంగా పనిచేయదా, డబ్బు వెనక్కి వస్తుందా, ఆయన పరువు పోకుండా ఎలా చెప్పాలి అని అడుగుతున్నారు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, పెట్టె ఫొటోలు కూడా పంపారు.

సమాధానం: అమ్మా, 'నువ్వేం చూపిస్తావ్' అని మీ మామయ్యగారు అడగటం న్యాయమే. ఆయన చేతిలో కాగితం ఉంది, మీ దగ్గర అనుమానమే ఉంది. అందుకే ముందు ఆ కాగితం సంగతి చూద్దాం.

మే బిల్లుకు, జూలై బిల్లుకు తేడా 120 యూనిట్లు. ఏప్రిల్, మే నెలల్లో మీ గదిలో ఏసీ రాత్రిళ్లు నాలుగేసి గంటలు నడిచిందని, జూన్ మొదటి వారంలో వానలు పడగానే ఆపేశామని మీరే ఉత్తరం చివర్లో ఇంకో సందర్భంలో రాశారు. ఒకటిన్నర టన్నుల ఏసీ, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటే, సగటున గంటకు సుమారు ఒక యూనిట్ కాలుస్తుంది. రోజుకు నాలుగు గంటలు, 30 రోజులు అంటే 120 యూనిట్లు. పెట్టె తగ్గించిందన్న యూనిట్లు మీ ఏసీ స్విచ్ దగ్గరే ఉన్నాయి.

యూనిట్లు 38 శాతం తగ్గితే డబ్బు అంతకంటే ఎక్కువ తగ్గడం ఆయనకు ఇంకా పెద్ద సాక్ష్యంలా కనిపించి ఉంటుంది. దానికి కారణం మన స్లాబులు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇంటి రేట్లలో, నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 పడుతుంది. 200 దాటితే మొత్తం లెక్క మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున వేసి, ఆపై వందకు 7.70, తర్వాతి వందకు 9 రూపాయలు వేస్తారు. ఈ లెక్కన 318 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 1,952 రూపాయలు, 198 యూనిట్లకు 810. సగానికి పైగా పడిపోయింది. సరిగ్గా 200 దగ్గర చూడండి. 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల తేడా. జూలైలో మీరు ఆ గీతకు రెండు యూనిట్ల ఇవతల ఆగారు. ఈ ప్రకటనలు ఎండాకాలంలో ఎక్కువగా కనిపించడం కూడా ఊరికే కాదు. ఏప్రిల్‌లో కొన్నవాడికి జూలైలో బిల్లు ఎలాగూ తగ్గుతుంది.

కాబట్టి పోల్చాల్సింది ఈ జూలైని ఈ మేతో కాదు, పోయిన ఏడాది జూలైతో. పాత బిల్లులు లేకపోతే సర్వీస్ నంబర్ తీసుకెళ్లి కరెంటు ఆఫీసులో అడగండి. యూనిట్ల కాలమ్‌తోపాటు బిల్లు ఎన్ని రోజులకు వేశారో కూడా చూడండి.

ఇక పెట్టె విషయం. మీరు పంపిన ఫొటోలో ఉన్నలాంటి పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్ (కరెంటును క్షణకాలం దాచుకుని తిరిగిచ్చే భాగం), ఒక పచ్చ ఎల్‌ఈడీ, దానికో రెసిస్టర్, కొన్నిటిలో ఫ్యూజు. మీ మామయ్యగారికి వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన అనుభవం ఉందని రాశారు కాబట్టి కెపాసిటర్ ఆయనకు కొత్త మాట కాదు. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్లు పెట్టుకోమని మన డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. 3 హెచ్‌పీ మోటారుకు 1 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలత), 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్. అది నిజంగా మంచి పనే. ఈ ప్రకటన చదువుకున్నవాళ్లను కూడా పట్టుకోవడానికి కారణం అదే. అబద్ధం కింద ఒక నిజం ఉంది. కానీ ఆ నిజం ఇంటి బిల్లుకు సంబంధించింది కాదు.

మోటారు, పాత చోక్ ట్యూబ్‌లైటు లాంటివి లైనులోంచి రెండు రకాల కరెంటు లాగుతాయి. ఒకటి పని చేసేది. ఫ్యాను తిప్పేదీ, వెలుగిచ్చేదీ ఇదే. రెండోది చుట్టలో అయస్కాంత శక్తి కోసం తీసుకుని క్షణంలో వెనక్కి ఇచ్చేసేది. పొద్దున పక్కింటి నుంచి చేబదులు తెచ్చి సాయంత్రానికి తిరిగిచ్చేసే పంచదార లాంటిదన్నమాట. ఇంటి మీటరు లెక్కపెట్టేది మొదటి రకాన్నే, అంటే కిలోవాట్ అవర్లను, మన యూనిట్లను. కెపాసిటర్ తగ్గించేది రెండో రకాన్ని. లైను మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది, పొలం దగ్గర వోల్టేజీ నిలబడుతుంది, మోటార్లు కాలిపోవడం తగ్గుతుంది. ఆ లాభం డిస్కంకూ, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న రైతులందరికీ. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న ఫ్యాక్టరీలకు బిల్లు రెండు రకాలూ కలిపి లెక్కేసే కేవీఏహెచ్‌లో వేస్తారు కాబట్టి వాళ్లకు డబ్బు కూడా మిగులుతుంది. ఇంటికి పైసా మిగలదు.

ప్రకటనలో ఒకతను క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెట్టి, పెట్టె ప్లగ్‌లో పెట్టగానే అంకె సగానికి పడిపోవడం చూపించాడని రాశారు. ఆ వీడియోలో మాయాజాలం ఏమీ ఉండక్కర్లేదు. అంకె నిజంగానే పడిపోతుంది. పాత చోక్ ట్యూబ్‌లైటు ఒకటి చోక్‌తో కలిపి 50 వాట్లు కాలుస్తూ 0.43 ఆంపియర్లు లాగుతుంది. దాని పక్కన 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే లైనులో కరెంటు దాదాపు 0.23 ఆంపియర్లకు దిగుతుంది. చూసేవాడు 'సగం తగ్గింది' అనుకుంటాడు. వాట్లు మాత్రం ముందూ 50, తర్వాతా 50. క్లాంప్ మీటర్ ఆంపియర్లనే చూపిస్తుంది, బిల్లు వాట్ల మీద పడుతుంది. వాట్‌మీటర్ పెట్టి చూపించమంటే ఆ వీడియో అక్కడితో ఆగిపోతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. మిగతావన్నీ ఆపేసి పెట్టె ఒక్కటే ఉంచి క్లాంప్ మీటర్ పెడితే, కరెంటు ఆదా చేయాల్సిన పెట్టె 0.29 ఆంపియర్లు తనే లాగుతున్నట్టు చూపిస్తుంది. పైగా ఆ పచ్చ లైటు, లోపలి నష్టాలు కలిపి ఒక వాట్ అనుకున్నా నెలకు 0.72 యూనిట్ అదనం. 198 మీద నిలబడ్డ ఇంటికి అదీ ముఖ్యమే.

'అలవాటు పడటానికి టైం' అన్న కరపత్రం మాట ఇంకా ప్రమాదకరం. కెపాసిటర్ ప్లగ్‌లో పెట్టిన క్షణం నుంచి ఏం చేయాలో అదే చేస్తుంది. నేర్చుకోవడం, అలవాటు పడటం దానికి లేవు. ఆ వాక్యం రాసింది మీరు వాపసు అడిగే గడువు దాటిపోవడానికి.

ఇదంతా మీరు వెళ్లి ఆయనకు చెప్పక్కర్లేదు. మీ మీటరు చెబుతుంది. మీటరు ముఖం మీద 'కిలోవాట్ అవర్‌కు ఇన్ని ఇంపల్స్' అని ఒక అంకె ఉంటుంది. 1600, 3200 లాంటివి. పక్కన ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. 3200 ఉంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఒక మధ్యాహ్నం ఫ్రిజ్, టీవీ, రౌటర్, చార్జర్లు, మోటారు అన్నీ ఆపండి. ఇన్వర్టర్‌ను మరిచిపోకండి. దాని బ్యాటరీ చార్జింగే లెక్కను చెడగొడుతుంది. దాని ప్లగ్ తీసేసి మెయిన్ సప్లైలోనే పరీక్ష చేయండి. పాత రకం ఫ్యాన్లు రెండు ఫుల్ స్పీడులో పెట్టండి. ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 150. ఐదు నిమిషాలు తిరగనిచ్చి, తర్వాత సరిగ్గా 15 నిమిషాలు ఆ ఎర్ర లైటును సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. 3200 మీటరైతే, లెక్కపెడితే 120 దగ్గర వస్తుంది. ఫ్యాన్ల పాతదనాన్ని బట్టి 110 రావచ్చు, 130 రావచ్చు. ఎంత వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఇప్పుడు రెండు పెట్టెలూ పెట్టి మళ్లీ 15 నిమిషాలు తీయండి. ఇలా పెట్టె లేకుండా మూడుసార్లు, పెట్టెతో మూడుసార్లు, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చేయండి. మన ఊళ్లలో వోల్టేజీ గంట గంటకూ మారుతుంది కాబట్టి ఒకసారి చూసి తేల్చొద్దు. ఎప్పుడైనా రెండు మూడు మినుకుల తేడా వస్తే అది వోల్టేజీదే. 40 శాతం ఆదా నిజమైతే 120 కాస్తా 72 కావాలి. అంత పెద్ద తేడాను ఎవరూ పొరబడలేరు.

ఈ పరీక్ష ఎవరు చేస్తారన్న దాని మీదే మీ ఇంట్లో సంగతి ఆధారపడి ఉంది. నాకు తోచిన దారులు మూడు ఉన్నాయి. ఏదీ పూర్తిగా సుఖమైనది కాదు.

మొదటిది, మీరే చేసి ఫలితం ఆయన ముందు పెట్టడం. త్వరగా అవుతుంది. కానీ భోజనాల దగ్గర జరిగిందే మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. కోడలు గెలిచింది, తాను ఓడిపోయాను అని ఆయనకు అనిపిస్తే, ఇంట్లో మాట్లాడటం మానేసి బ్యాంకుకు ఒక్కరే వెళ్తారు. అప్పటికే 5,000 కట్టినవాళ్లు, అది వృథా కాకూడదని మిగతాది కూడా కట్టేయడం ఇలాంటి మోసాల్లో మామూలే.

రెండోది, మీ ఆయన ద్వారా చేయించడం. ఎదురు చెప్పలేనన్నారు కదా, ఎదురు చెప్పమనకండి. 'నాన్నా, 60 పెట్టెలు అమ్మాలంటే కొనేవాడు అడుగుతాడు, వాడికి మన మీటరు మీదే చూపిద్దాం' అని అడగమనండి. ఆయన పెట్టబోయే వ్యాపారానికి అది సాయం చేసే ప్రశ్నే, అందులో అబద్ధం ఏమీ లేదు. మామయ్యగారే స్టాప్‌వాచ్ పట్టుకోవాలి, ఆయనే నోట్‌బుక్‌లో రాయాలి. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి తన చేత్తో రాసిన అంకెలను తోసిపుచ్చరు. మీరు ఆ గదిలో లేకపోయినా నష్టం లేదు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే మీ ఆయన రేపు, ఎల్లుండి అంటూ నెలాఖరు దాకా లాగొచ్చు. అందుకే తేదీ ముందే పెట్టుకోండి. నా మొగ్గు ఈ దారికే.

మూడోది, మూడో మనిషి. మీ సెక్షన్ ఆఫీసు లైన్‌మన్‌నో, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)నో, ఆయన గౌరవించే పాత సహోద్యోగి సైన్స్ టీచర్‌నో పిలవడం. ఆయన వింటారు. కానీ బయటివాళ్ల ముందు తేలిపోతే ఊళ్లో మాట అవుతుంది. వీధిలో ముగ్గురు ఆయన చెబితేనే కొన్నారు కాబట్టి ఆ బరువు తక్కువేమీ కాదు. పిలిచినా ఇంటికే పిలవండి.

మీరు ఏ దారి పట్టినా ఒక్కటి మాత్రం ముందే జరగాలి. పరీక్ష అయ్యేదాకా 40,000 కదలకూడదు. 'వద్దు' అనకుండా 'పది రోజులు ఆగుదాం' అంటే చాలు. ఆ పది రోజుల్లో వాళ్లను వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగమనండి: కంపెనీ పూర్తి చిరునామా, జీఎస్టీ నంబరు, డిస్ట్రిబ్యూటర్ ఒప్పందం ముసాయిదా, గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన పరీక్ష రిపోర్టు, డబ్బు కట్టడానికి కంపెనీ పేరు మీదే ఉన్న బ్యాంకు కరెంట్ ఖాతా. నిజమైన తయారీదారుకు ఇవి ఒక గంట పని. ఇవ్వకుండా 'ఇంకొకరు మీ మండలానికి కట్టేస్తున్నారు' అని తొందరపెడితే ఆయనకే అర్థమవుతుంది. ఒకవేళ సరుకు నిజంగానే పంపినా కష్టమే. పనిచేయని వస్తువును పనిచేస్తుందని చెప్పి అమ్మినవాడు మీ మామయ్యగారే అవుతారు. కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే దొరికేది ఫోన్‌లో మాట్లాడిన మనిషి కాదు, ఊళ్లో ఉన్న మాస్టారు.

డబ్బు గురించి. రెండు మొత్తాలకు రెండు వేర్వేరు దారులు, కలపకండి.

1,499 సొంత వాడకానికి కొన్నది కాబట్టి మీరు వినియోగదారులు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనకూడదు. ముందు వాళ్లకు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వాపసు అడగండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, కంపెనీకి పంపి పరిష్కారం కోసం ఒత్తిడి చేస్తుంది. తేలకపోతే కొన్న రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా, మీరు ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అయితే 1,499 కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపిక. చిరునామా దొరకని అమ్మకందారు మీద గెలిచినా వసూలు కష్టం. 1915కి చెప్పడం మాత్రం మానొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అలాంటి ఫిర్యాదులు కూడితేనే వాళ్లు కదులుతారు.

5,000 సంగతి వేరు. అది తిరిగి అమ్మడానికి కట్టిన డబ్బు, వినియోగదారుల చట్టం దాన్ని తన పరిధిలోకి తీసుకోదు. అది మోసం కింద పోలీసుల దగ్గరికి వెళ్లాలి. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, కాల్ వచ్చిన నంబర్లు దగ్గర పెట్టుకోండి. మొదటి కొన్ని గంటల్లో చెబితే డబ్బు దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ. పది రోజులయ్యాక ఆశ తక్కువే. అయినా ఆ ఖాతా మీద ఇంకో నాలుగు ఫిర్యాదులు ఉంటే మీదీ పనికొస్తుంది. దీనికి ఒక ఇబ్బంది ఉంది. ఫిర్యాదు మామయ్యగారి పేరు మీద, ఆయన ఫోన్ నుంచి వెళ్లడమే మంచిది. ఆయన ఒప్పుకోకముందే మీరు చేస్తే నమ్మకం పోతుంది. రోజులు గడిచేకొద్దీ డబ్బు దూరమవుతుంది. ఇక్కడ 5,000 కంటే ఆయన మీతో ఉండటం ముఖ్యం అనుకుంటే, పరీక్ష అయ్యాక ఆయన చేతే చేయించండి.

ఫిర్యాదు చేశాక ఇంకో ఫోన్ రావొచ్చు. 'రిఫండ్ డిపార్ట్‌మెంట్ నుంచి' అంటారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు, లేదా స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఈ ఒక్క మాట ఆయన ఫోన్ వెనకాల కాగితం మీద రాసి అంటించినా తప్పులేదు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ముందే కనిపించాల్సినవి కొన్ని ఉన్నాయి. వచ్చే ప్రకటనకు ఉపయోగపడతాయి కాబట్టి చెబుతున్నా. వెబ్‌సైట్ అడుగున ఉన్న జీఎస్టీ నంబరు 14 అక్షరాలే. అసలుది 15. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాత పది పాన్ నంబరు. 15 ఉన్నా సరే, జీఎస్టీ పోర్టల్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర వేసి, వచ్చే పేరూ అమ్ముతున్న పేరూ ఒకటేనా అని చూడాలి. యాంకర్ వీడియోలో పెదవులు మాటకు కాస్త వెనకబడుతున్నాయని మీరే పట్టుకున్నారు. అనుమానం ఉంటే ఆ చానల్ సొంత యూట్యూబ్‌లో అదే క్లిప్ వెతకండి, అక్కడ లేకపోతే అది కల్పించినది అయ్యే అవకాశం ఎక్కువ. 'ఇంకా 9 నిమిషాలే' అన్న గడియారం పేజీని మళ్లీ తెరిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇలాంటి దొంగ తొందరను 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషేధించారు. ఫేస్‌బుక్ పేజీ పేరు మీద నొక్కి 'పేజ్ ట్రాన్స్‌పరెన్సీ' చూస్తే పేజీ ఎప్పుడు పెట్టారో, పేర్లు ఎన్నిసార్లు మార్చారో, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో తెలుస్తుంది. పెట్టె ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే డబ్బా వేరే వేరే పేర్లతో, వేరే ధరలతో కనిపిస్తుంది.

పెట్టె మీద ఉన్న 'సీఈ' గుర్తు యూరప్ మార్కెట్ కోసం తయారీదారే వేసుకునేది, మన దేశంలో అది ఏ భరోసా ఇవ్వదు. పక్కనే ఉన్న నాలుగు నక్షత్రాలు అంతకంటే దారుణం. బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) స్టార్ లేబుల్ ఏసీలకు, ఫ్రిజ్‌లకు, ఫ్యాన్లకు ఉంటుంది. ఇలాంటి ప్లగ్ పెట్టెలకు ఆ కేటగిరీయే లేదు. ఐఎస్‌ఐ గుర్తు చూపిస్తే దాని కింద సీఎం/ఎల్ నంబరు (లైసెన్స్ నంబరు) ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూసుకోవచ్చు. దిగుమతి చేసినవాడి పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎంఆర్‌పీ, ఇవి ప్యాకెట్ మీద ఉండి తీరాలి. మీ ఫొటోలో ఒక్కటీ లేదు.

పెట్టెలను పరీక్ష అయ్యాక ప్లగ్‌లో ఉంచకండి. చౌక ప్లాస్టిక్ డబ్బాలో నాసిరకం కెపాసిటర్ 24 గంటలూ వేడెక్కుతూ ఉంటుంది. ఉబ్బి, పగిలి, కాలే ప్రమాదం ఉంది. ఇన్వర్టర్ సప్లై వచ్చే ప్లగ్‌లో అసలే వద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కెపాసిటర్ మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగి రెండూ పాడవుతాయి. తీసిన వెంటనే పిన్నులు పట్టుకోకండి, లోపల చార్జి మిగిలి ఉండొచ్చు. విప్పి చూడాలనుకుంటే ఎలక్ట్రీషియన్ చేతే విప్పించండి. ఫిర్యాదు తేలేదాకా డబ్బాలు, కొరియర్ లేబుల్, డెలివరీ మెసేజ్ అన్నీ దాచండి. లేబుల్ మీద పంపినవాడి చిరునామా ఉంటుంది, చాలాసార్లు చేతికి దొరికేది అదొక్కటే.

మామయ్యగారి ఉత్సాహం వృథా కానక్కర్లేదు. మీ ఇంట్లో ఎక్కువసేపు తిరిగే 75 వాట్ల ఫ్యాను ఒకటి తీసి 35 వాట్ల లోపు బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) పెడితే, రోజుకు 15 గంటల లెక్కన నెలకు 18 యూనిట్లు తగ్గుతాయి. 200 గీత దగ్గర ఊగే ఇంటికి ఆ 18 ఎంతో మీరు ఇప్పటికే చూశారు. అదే ఎర్ర లైటు పరీక్ష కొత్త ఫ్యాను మీద కూడా ఆయన చేత చేయించండి, ఈసారి మినుకులు నిజంగా తగ్గుతాయి. వీధిలో కొన్న ముగ్గురికీ ఆ నోట్‌బుక్ చూపించి, వాళ్ల పెట్టెలు తీయించే పని కూడా ఆయనకే వదిలేయండి. మీరు గానీ మీ ఆయన గానీ ముందుగా వెళ్లి వాళ్లకు చెప్పకండి.